అమ్మ నాలుగు మగ్గాలు

మా ఇంట్లో రహస్యం చెప్పుకోవడం ఎవరికీ చేతకాదు. గొంతు తగ్గించడం వచ్చుగానీ, పెదాలు తగ్గించడం రాదు. అందరం చిన్నప్పుడే మిల్లులో అడుగుపెట్టినవాళ్ళం. ఒక్క కప్పు కింద అన్ని వందల మరమగ్గాలు దడదడలాడుతుంటే నోట్లోంచి వచ్చే మాట మన చెవికే వినపడదు. అందుకని షెడ్డులో పెదాలతోనే మాట్లాడుకుంటాం. నోరు బార్లా తెరిచి ఒక్కో మాటనీ సాగదీసి చూపిస్తే అవతలి వరసలో వాళ్ళు చదువుకుంటారు. ఆ అలవాటు మిల్లు గేటు దగ్గర ఆగిపోదు, ఇంటికీ వస్తుంది, చర్చికీ వస్తుంది. ఒక ఆదివారం మా వీధి బెర్తా అత్త చివరి వరసలో కూచుని "ఈయన ఇవాళ కూడా పొయ్యి మీద కూర మాడేదాకా వదలడే" అని గుసగుసలాడితే, పాస్టరు గారు ప్రసంగం ఆపి "అయిపోవచ్చింది బెర్తా" అన్నాడు. ఆయనా నేతపని చేసినావిడ కొడుకే మరి.

మా నాన్న మా అమ్మని పెళ్ళికి అడిగింది కూడా అలాగే. షెడ్డులో నడవకి అటుపక్క ఆమస్ అనే కుర్రాడు, ఇటుపక్క సెలీనా అనే పిల్ల. ఆయన ధైర్యం కూడగట్టుకుని మగ్గాల మీదుగా నోరంతా తెరిచి అడిగాడట. అమ్మ తెగిన పోగు ముడేసుకుంటూ తల వంచుకుని ఉంది. ఆవిడ తలెత్తేసరికి చుట్టుపక్కల వాళ్ళందరూ ఆ ప్రశ్న చదివేసి, జవాబు కోసం కాచుక్కూచున్నారు. "ఏంటీ?" అంది అమ్మ. పాపం ఆయన మళ్ళీ అడగాల్సి వచ్చింది. అమ్మ ఆయనకేసి నిండుగా తిరిగి, పెదాలు విప్పి, "సరే" అంది. అప్పట్నుంచీ నడవకి అటొకరూ ఇటొకరూ ఉండి ఇరవయ్యేళ్ళపైన కాపురం చేశారు. ఇంట్లో కంటే షెడ్డులోనే ఎక్కువ మాట్లాడుకున్నారంటే నమ్మండి.

నేను ఐవీని, వాళ్ళకున్న ఒక్కగానొక్క కూతుర్ని. పంతొమ్మిదివందల ముప్ఫైరెండో సంవత్సరం ఎండాకాలానికి నాకు ఇరవై ఏళ్ళు. నాకూ నాలుగు మగ్గాలున్నాయి, అమ్మవాటి పక్కనే. అమ్మకి నాలుగు, నాన్నకి నాలుగు. ఇంగ్లండులో మా లాంకషైర్‌లో ఎవరికైనా అంతే, మనిషికి నాలుగు.

అమ్మకి ఆ నాలుగూ ప్రాణం. శనివారం మధ్యాహ్నం అందరూ ఇళ్ళకి పరిగెడుతుంటే ఆవిడ మాత్రం ఇత్తడి ముక్కలన్నీ మొహం కనపడేలా తోమి వచ్చేది. ఒక మగ్గానికి ఎర్ర రిబ్బను కట్టింది, ఇంకోదానికి సముద్రపు ఒడ్డు బొమ్మ అంటించింది. నూలు కండె మార్చినప్పుడల్లా, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కంట్లోంచి పోగుని నోటితో పీల్చి పీల్చి ముందు పళ్ళు రెండు పోగొట్టుకుంది. "పళ్ళు మిల్లుకిచ్చాను, నడుం మిల్లుకిచ్చాను. వారం చివర్న చేతిలో పడే డబ్బు మాత్రం నాది" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో గర్వం చూడాలి.

జులైలో ఊరంతా మిల్లులు మూసి సముద్రానికి పోయే వారం ఒకటుంటుంది. దానికి ముందు రోజు మా మేస్త్రీ క్లెగ్ నడవలోకి వచ్చి నిలబడ్డాడు. ఏదో చెడ్డకబురు తెచ్చాడని ఆ నిలబడే తీరులోనే తెలిసింది.

"సెలవులయ్యాక మనిషికి ఆరు మగ్గాలు" అన్నాడు పెదాలతో.

"ఆరా? చేతులు కూడా ఆరు ఇస్తున్నారా, లేకపోతే ఇవే సాగదియ్యాలా?" అంది అమ్మ.

"నామీద ఎగురుతావేంటి సెలీనా? నన్ను చెప్పమన్నది చెప్పాను."

"అది సరే. మేం ముగ్గురం, పన్నెండు మగ్గాలు. ఇద్దరు చెరో ఆరూ తీసుకుంటే మూడోది ఎక్కడికి పోవాలి?"

క్లెగ్ భుజాలెగరేసి, "మొగుడున్న ఆడవాళ్ళు ఇంటికి పోతే సరి అంటున్నారు పైవాళ్ళు" అన్నాడు.

అమ్మ నవ్వింది. "పైవాళ్ళ పెళ్ళాల్ని ముందు ఒక పూట ఇక్కడికి పంపమను" అని, మగ్గం వైపు తిరిగిపోయింది. నడవ అవతల నాన్న ఇదంతా చదువుతూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఆయన ఎప్పుడూ మితభాషే.

సెలవుల తర్వాత ఒక్కరం కూడా లోపలికి వెళ్ళలేదు. ఆగస్టు అయ్యేసరికి మా ఊరే కాదు, జిల్లా జిల్లా అంతా మగ్గాలు ఆగిపోయాయి. మిల్లు చప్పుడు లేకపోతే ఊళ్ళో పిట్టలు కూస్తాయని ఆ ఎండాకాలమే నాకు తెలిసింది. మొదటి వారం పండగలాగే ఉంది. మైదానంలో ఫుట్‌బాల్ ఆడుకున్నారు, చర్చి హాల్లో బంగాళదుంపల కూర వండి పిల్లలకి పెట్టారు. తర్వాత తర్వాత ఒక్కొక్క ఇంట్లో గోడ గడియారం మాయమైంది, ఆ తర్వాత కంబళ్ళు మాయమయ్యాయి.

అయినా పొద్దున్నే గేటు ముందు నిలబడడం మానలేదు. దొంగచాటుగా పనిలోకి వెళ్ళినవాడికి మా వీధుల్లో ఒక మర్యాద ఉంది. తెల్లారకముందే అందరూ గిన్నెలూ పెనాలూ పట్టుకుని వాడి గుమ్మం ముందు చేరి, వాడు బయటికి వచ్చేదాకా వాయిస్తారు. రాగానే చప్పుడాపి, వీధి వీధంతా గోడలవైపు తిరిగి నిలబడుతుంది. వాడికి ఒక్క మొహం కూడా కనపడకూడదు. పెదాలతో బతికే మనుషులకి అంతకన్నా శిక్ష లేదు. తిట్టినా బాగుండేది అనుకుంటాడు వాడు. ఆ శిక్ష సమ్మెతో ముగిసిపోదు కూడా, వాడు ఆ వీధిలో ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

హెర్బర్ట్ అనే ఆయన పనిలోకి వెళ్ళినప్పుడు మా అమ్మే ముందు నడిచింది. జామ్ కాచే పెద్ద ఇత్తడి గిన్నె నాన్నకిచ్చి, తను పెనం తీసుకుంది. నాన్న గరిటెతో మెల్లిగా టక్ టక్ మని కొడుతున్నాడు.

"ఏవయ్యా ఆమస్, వాణ్ణి జోకొడుతున్నావా?" అంది అమ్మ. వీధంతా పగలబడి నవ్వింది. నాన్న సిగ్గుపడి గట్టిగా కొట్టాడు.

హెర్బర్ట్ బయటికి వచ్చాడు. అందరం వెనక్కి తిరిగాం. ఇటుక గోడకి మొహం పెట్టుకుని నిలబడి, వాడి చెక్కబూట్ల చప్పుడు వీధి చివరిదాకా విన్నాం. నాన్న నా పక్కనే ఉన్నాడు. ఆయన మెడమీద చెమట పట్టింది.

ఆ సాయంత్రం రొట్టెమీద రాసుకోవడానికి కొవ్వు కూడా లేదు. టీలో రొట్టె ముంచుకుంటూ నాన్న అన్నాడు, "ఎన్నాళ్ళని ఇలా? నాకు ఆరిస్తే ఇల్లు గడవదా? నువ్వు ఇంట్లో ఉంటే తప్పేంటి సెలీనా? మగాడి సంపాదన మీద ఇల్లు నడిచే ఊళ్ళు లేవా?"

"ఇంట్లో ఉండి ఏం చెయ్యమంటావ్? పొయ్యి పైన అరమీద పింగాణీ కుక్కబొమ్మలకి దుమ్ము దులుపుతూ కూచోనా?"

"వాటికి దుమ్ము పట్టిందిలే."

"అయితే నువ్వే దులుపు. ఆ ఆరూ నేనే నడుపుతాను, నువ్వు ఇంట్లో కూచో." అమ్మ నవ్వుతూనే అంది. కానీ ఆయన మొహం చూసి నవ్వు ఆపేసి, కొంచెం మెత్తగా, "ఆమస్, ఆ నాలుగు మగ్గాలూ లేకపోతే నేను నేను కాను. తెలుసు కదా నీకు?" అంది.

"తెలుసు" అన్నాడు నాన్న. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సెప్టెంబరులో ఒక రోజు పొద్దున్నుంచీ వాన పడుతోంది. నాన్న మా కూరగాయల మడి దగ్గరికి వెళ్ళి దుంపలు తవ్వుకొస్తానని బయల్దేరాడు. అమ్మా, నేనూ, బెర్తా అత్తా, ఇంకో పదిమంది ఆడవాళ్ళం శాలువాలు నెత్తిన కప్పుకుని కాలవ వంతెన మీద నిలబడ్డాం. అక్కణ్ణుంచి మిల్లు గేటూ, దాని మీద అంతస్తులో ఆఫీసు కిటికీలూ కనపడతాయి. ఎవరైనా లోపలికి దూరకుండా చూడాలని కాపలా. చలికి తట్టుకోలేక పాటలు పాడుకుంటున్నాం.

మబ్బుగా ఉండడంతో ఆఫీసులో దీపం వెలిగించారు. వెలిగించగానే గది మొత్తం కనిపించింది. మేనేజరు మాకు వీపు పెట్టి కూచున్నాడు. పక్కన క్లెగ్. వాళ్ళకెదురుగా, మాకూ ఎదురుగా, టోపీ చేత్తో పట్టుకుని మా నాన్న.

అమ్మ పాట మధ్యలో ఆపేసింది.

ఆయన మెల్లిగానే మాట్లాడుతున్నాడని తెలుస్తూనే ఉంది. పక్క గదిలో గుమస్తాలు వింటారని కాబోలు, మెడ ముందుకి వంచి గొంతు బాగా తగ్గించుకున్నాడు. గొంతు తగ్గిన కొద్దీ మావాళ్ళ నోరు ఇంకా పెద్దగా తెరుచుకుంటుంది. అది ఆయనకి గుర్తులేదు. అద్దం వెనక ఉన్నాను కదా, ఎవరికీ వినపడదు కదా అనుకున్నాడు.

"నాకు ఆరు, మా అమ్మాయికి ఆరు. మా ఆవిడవి నాలుగూ మేమే చెరో రెండూ పంచుకుంటాం. ఎప్పుడు గేటు తెరిచినా మేం వస్తాం" అన్నాడు నాన్న.

మేనేజరు ఏదో అడిగినట్టున్నాడు. నాన్న తల అడ్డంగా ఊపి, ఇంకా ముందుకి వంగాడు.

"లేదండీ, ఆవిడే మానేస్తానంటోంది. అలిసిపోయింది. తనే చెప్పమంది."

వంతెన మీద మిగతావాళ్ళు గేటుకేసి చూస్తూ పాడుతున్నారు. బెర్తా అత్తకి చూపు ఆనదు. కళ్ళజోడు తాకట్టులో ఉంది. "ఎవరే ఆ కిటికీలో? మీ కళ్ళు మంచివి, చూసి చెప్పండే" అంది.

"ఎవరో గుమస్తాలే" అంది అమ్మ. శాలువా ముందుకి లాక్కుని, ఆపిన చోటునుంచి పాట మళ్ళీ అందుకుంది. గొంతు ఏమాత్రం వణకలేదు. నేనే వంతెన గోడ పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం నాన్న సంచీతో దుంపలు తెచ్చాడు. బల్లమీద పోస్తే పొడిపొడిగా దొర్లాయి. ఆయన చెక్కబూట్లకి ఒక్క మట్టిబెడ్డ లేదు.

"మడి ఎలా ఉంది?" అని అడిగింది అమ్మ.

"బురద బురదగా ఉంది."

అమ్మ కత్తి తీసుకుని, తొట్టి దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి దుంపలు చెక్కడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగేద్దామని నోరు తెరిచాను. అమ్మకి వెనక కూడా కళ్ళున్నాయేమో, తల తిప్పి, నాన్నకి కనపడకుండా, పెదాలతో నాకు చెప్పింది: "వద్దు. ఒక్క మాట కూడా."

మర్నాడు పెరట్లో బట్టలారేస్తూ నిలదీశాను. "ఎందుకు ఊరుకున్నావ్? ఆయన నీ నోటితో మాట్లాడొచ్చాడే! నీ మగ్గాలు అమ్మేసుకొచ్చాడే!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను."

"ఐవీ, హెర్బర్ట్ గుమ్మం ముందు పెనం కొట్టింది నేను. ఇది బయటికి పొక్కితే అదే పెనం రేపు మన గుమ్మం ముందు మోగుతుంది. ఆయన తట్టుకోలేడు. ఒక్క వారం కూడా తట్టుకోలేడు. మొన్న ఆయన మెడమీద చెమట చూడలేదూ?" అమ్మ దుప్పటి రెండు కొసలూ నా చేతిలో పెట్టింది. "పట్టుకో, పిండుదాం." ఇద్దరం ఆ దుప్పటిని పిండిన పిండుడుకి అది చిరగలేదంటే నేత గట్టిదన్నమాట.

ఆ నెలాఖర్న మాంచెస్టర్‌లో మిల్లు యజమానులూ యూనియను పెద్దలూ కూచుని రాజీ పడ్డారు. సమ్మె అయిపోయింది. ఆరు మగ్గాలు అలాగే ఉన్నాయి, జీతం తగ్గింది. మాకు దక్కిందల్లా ఒక హామీ, పాతవాళ్ళని అన్యాయంగా తీసెయ్యబోమని. దాన్ని పట్టుకునే బెర్తా అత్త వీధి వీధీ తిరుగుతోంది. మా వీధికి యూనియను చందా వసూలు చేసేది ఆవిడే.

ఆదివారం మధ్యాహ్నం మేం టీ తాగుతుండగా వచ్చింది. శాలువా కూడా తియ్యలేదు.

"నాకు ఆరిచ్చారు. ఎవత్తె నోటి దగ్గర కూడు లాక్కున్నానో తలుచుకుంటే రొట్టె దిగట్లేదు. అది సరే సెలీనా, జాబితాలో నీ పేరు లేదేంటని క్లెగ్‌తో పోట్లాడాను. ఇరవయ్యేళ్ళపైన పనిచేసిన మనిషిని ఎలా తీస్తారన్నాను. ఏమన్నాడో తెలుసా? నువ్వే మానేస్తానన్నావట!"

నాన్న తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"అబద్ధమని నాకు తెలుసు" అంది బెర్తా అత్త. "నువ్వు ఒక్క మాట చెప్పు చాలు, రేపు మళ్ళీ గేటు ముందు కూచుంటాం. నీ నాలుగు మగ్గాలూ నీకు తెచ్చిపెట్టకపోతే నా పేరు బెర్తా కాదు. నీ పేరు చెప్పి ఈ అబద్ధం ఆడినవాడు ఎవడో అది కూడా చెప్పు. వాడి గుమ్మం ముందు తెల్లారేసరికి గిన్నెలు మోగిస్తాను."

అమ్మ టీ కూజా కింద పెట్టింది. అడిగింది బెర్తా అత్త, కానీ అమ్మ తిరిగింది నాన్న వైపు. నిండుగా తిరిగింది. షెడ్డులో మాట్లాడేటప్పటిలా పెదాలు విప్పి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"అబద్ధం కాదు బెర్తా. నేనే చెప్పమన్నాను. అలిసిపోయాను."

నాన్న చటుక్కున తలెత్తాడు. ఆఫీసు గదిలో తను అన్న మాటే అది. ఆయన మొహంలో రంగు మొత్తం దిగిపోయింది. నన్ను చూశాడు, నేను చూపు తిప్పుకోలేదు.

"నువ్వా? అలిసిపోయావా?" అంది బెర్తా అత్త. పాపం, ఏడుపొక్కటే తక్కువ. "నువ్వే ఇలా అంటే ఇంక మేమెవరికోసం..." అని సగంలో ఆపేసి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ మా ఇంటికి రావడం తగ్గించింది. అమ్మ మాట తప్పిందనుకుంది. వీధి మొత్తం అదే అనుకుంది.

నాన్నకేసి తిరిగి అమ్మ మాట్లాడడం నేను చూసింది అదే ఆఖరు.

మర్నాడు పొద్దున్నే అమ్మ తన బ్రష్షూ, కత్తెరా, పోగులు తీసే కొక్కెం తెచ్చి నా ముందు పెట్టింది.

"నేను పోను. ఎవరింట్లోనైనా అంట్లు తోముకుంటాను" అన్నాను.

"చాల్లే సంబడం. నువ్వు పోకపోతే నీకొచ్చే నా రెండు మగ్గాలూ ఊరూపేరూ లేని ఎవరికో పోతాయి. నీ దగ్గరుంటే ఇత్తడైనా తోముతావు."

వెళ్ళాను. ఆరు మగ్గాలంటే మగ్గానికీ మగ్గానికీ మధ్య పరిగెత్తడమే, తలెత్తే తీరిక ఉండదు. రిబ్బను కట్టిన మగ్గం నాన్న వాటాకి వచ్చింది. ఆయన రిబ్బను విప్పనూ లేదు, ఇత్తడి తోమనూ లేదు. నూనె మరకలు పడి ఆ రిబ్బను నెల తిరక్కుండా నల్లబడిపోయింది. ఇదివరకు అమ్మ నిలబడే చోట ఇప్పుడు నేను నిలబడుతున్నాను. నాన్న అప్పుడప్పుడు నాకేసి చూసి పెదాలతో ఏదో అనబోయేవాడు. నేను తెగని పోగు ముడేస్తున్నట్టు తల వంచుకునేదాన్ని.

ఇంట్లో అమ్మ ఏం తక్కువ చెయ్యలేదు. వేళకి వండిపెట్టింది, ఆయన చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసింది, పింగాణీ కుక్కలకి దుమ్ము దులిపింది. మాట్లాడడం కూడా మానలేదు. కాకపోతే ఆయనతో అనేవన్నీ తొట్టి దగ్గర నిలబడి, పొయ్యి ముందు వంగి, కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ అనేది. మిల్లులో అన్నేళ్ళు పనిచేసిన మనిషికి చెవులేముంటాయి? నాన్నకి సగం చెవుడు అప్పటికే ఉంది. మొహం కనపడితేనే ఆయనకి మాట. "సెలీనా, ఇటు తిరిగి చెప్పవే" అని మొదట్లో బతిమాలాడు. "చెప్పానుగా" అనేది అమ్మ, గోడతో. కొన్నాళ్ళకి అడగడం మానేసి, అలవాటుగా ఆవిడ వీపుకేసి చూస్తూ కూచునేవాడు.

నవంబరులో ఒక సాయంత్రం ముగ్గురం వంటగదిలో ఉన్నాం. నాన్న ముందు టీ పెట్టి, అమ్మ తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతుండగా, గిన్నె తోముతూ, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది:

"నన్ను అడిగి ఉంటే నేనే ఇచ్చేసేదాన్ని, ఆ నాలుగూ."

నాన్న ఆవిడ భుజాలు కదలడం చూశాడు. ఏదో అందని తెలిసింది. కప్పు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. నా వైపు తిరిగి, ఆశగా, "ఏమంటోందే మీ అమ్మ?" అని అడిగాడు.

నేను ఆయనకేసి నిండుగా తిరిగి, పెదాలు బాగా విప్పి చెప్పాను.

"టీ చల్లారిపోతోందట నాన్నా."

ఆయన తలూపి, తాగేశాడు.